ముప్పై మూడు మెట్ల పైన నాయనమ్మ

నేను సివిల్ ఇంజనీరింగ్ పాసయ్యాను. మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. ఫలితాలు వచ్చిన రోజు ఆ మాట వీధిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ చెప్పాను, దారిలో అడ్డం నిలబడ్డ రెండు గేదెలకు కూడా చెప్పాను. ఒక సబ్జెక్టు మిగిలిపోతే మళ్ళీ రాసి, అందరూ వేసవిలో పాసైతే నేను చలికాలంలో పాసయ్యానన్న ముక్క మాత్రం గేదెలకు కూడా చెప్పలేదు. ఆఖరికి ఆయాసపడుతూ మా ఇంటి పైగదికి ఎక్కి, మంచం మీద కూర్చుని వక్క నములుతున్న నాయనమ్మకు చెప్పాను.

ఆవిడ వక్క ముక్కను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చింది.

"ఇంజనీరంటే ఏం చేస్తారే?"

"ఇళ్ళు కట్టిస్తాం నాయనమ్మా. వంతెనలు, రోడ్లు..."

"అయ్యన్నీ తర్వాత చేద్దువుగానీ. ముందు నన్ను కిందికి దించు."

అదీ నాకొచ్చిన మొదటి ఉద్యోగం.

మా ఇల్లు రెండు సెంట్ల స్థలంలో ఉంది. పక్కకు పెరిగే చోటు లేక పైకి పెరిగింది. కింద కారం మర, దాని మీద అమ్మానాన్నల గదీ వంటిల్లూ, దాని మీద నాయనమ్మ గది. అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె పేర్చినట్టు ఉంటుంది. ఎండాకాలం వస్తే మా ఊరివాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ ఏడాదికి సరిపడా మిరపకాయలు సంచుల్లో తెచ్చి మా దగ్గర కారం పట్టించుకుంటారు. మర ఆడుతుంటే లోపల నిలబడ్డవాళ్ళకు ముక్కూ కళ్ళూ ఒకటే ధార. అందుకే నాన్న, గాలి బాగా తగిలేట్టు పైన గది కట్టించి, దానికే బాత్రూం కూడా పెట్టించి నాయనమ్మకు ఇచ్చాడు. ఎంత ఎత్తులో ఉంచితే తల్లికి అంత గౌరవమని ఆయన నమ్మకం.

పోయిన వానాకాలంలో ఆవిడ ఆ బాత్రూంలోనే జారిపడింది. తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి తెచ్చిన రోజు, బస్తాలు మోసేవాళ్ళు నలుగురు ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. ముప్పై మూడు మెట్ల పొడవునా ఆవిడ తిట్టిన తిట్లకు ఆ నలుగురూ నెల రోజులు మా వీధి వైపు రాలేదు. మంచం మీద దించగానే ప్రతిజ్ఞ చేసింది.

"మనిషిని నలుగురు మోసేది ఒక్కసారేరా. నా వంతు మీరు ముందే వాడేశారు. ఇంకోసారి ఎవడన్నా కుర్చీ పట్టుకుని ఈ గుమ్మం తొక్కాడో, కర్ర విరుగుద్ది."

అప్పటినుంచి ఆరు నెలలు ఆవిడ కిందికి దిగలేదు. వాకర్ పట్టుకుని గదిలో తిరుగుతుంది, బాత్రూంకి తనే వెళ్తుంది, మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. మోస్తామంటే వద్దంటుంది, తనంతట తను దిగలేదు. నెలకోసారి పాస్టర్ గారే ఎక్కి వచ్చి ప్రార్థన చేసిపోయేవారు. చర్చిలో ఆయన ప్రార్థన మొదలుపెడితే పిల్లలు ఒక నిద్ర తీసి లేస్తారు. మా పైగదిలో మాత్రం ఆయన ఊపిరి అందక రెండు నిమిషాల్లో ఆమెన్ అనేసేవారు. ఆ మెట్ల వల్ల జరిగిన మేలు అదొక్కటే.

"అమ్మా, దేవుడు నిన్ను మరిచిపోలేదు" అన్నారు ఆయన ఒకసారి, గోడకు ఆనుకుని.

"మరిచిపోతేనే నయమండి. ఆయన నన్ను పైకి పిలిచేలోగా నేనొకసారి కిందికి దిగాలి."

ఎందుకు దిగాలో మా అందరికీ తెలుసు. మర ముందు రేకుల పందిరి కింద ఒక ముక్కాలిపీట ఉంటుంది. నలభై ఏళ్ళుగా అది ఆవిడది. సంచి దించగానే ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపుతుంది. లోపల గింజలు గలగలమనాలి. తర్వాత వంచుతుంది. ఫటుక్కున విరగాలి. విరక్కుండా వంగిందంటే ఆ వచ్చింది ఊరి ప్రెసిడెంటు గారి భార్య అయినా సరే, "తీసుకెళ్ళి ఇంకో రెండు ఎండలు పెట్టుకురా తల్లీ" అని పంపేసేది. నాన్నకు ఆ నోరు లేదు. వచ్చినవాళ్ళ మొహం చూసి మెత్తటి కాయలు కూడా మరలో పోసేస్తాడు. కారం ఉండలు కడుతుంది, జల్లెడ మూసుకుపోతుంది, తిట్లు అమ్మకు పడతాయి. నాయనమ్మ ఇదంతా పై నుంచి వింటూ ఉండేది. మర చప్పుడు మారగానే పైనుంచి కేక వచ్చేది. "ఒరేయ్! మళ్ళీ పచ్చి కాయలు పోశావురా!" కాయలు ముట్టుకోలేదు, చూడలేదు, చప్పుడును బట్టి చెప్పేది. మళ్ళీ ఎండాకాలం మొదలయ్యేలోగా ఆ పీట మీద కూర్చోవాలి, అదీ తన కాళ్ళ మీద దిగివచ్చి కూర్చోవాలి. అదే ఆవిడ పంతం.

ఇంజనీరు ఇంట్లోనే ఉంది కాబట్టి అందరూ సలహాలు చెప్పడం మొదలుపెట్టారు.

నాన్న గిలక అన్నాడు. వానొచ్చినప్పుడు మిరపకాయల బస్తాలను గిలకతో మేడ మీదికి లాగుతాం. "దానికే ఊయల లాంటిది కట్టి మెల్లగా దించితే..."

"నీ తల్లినిరా నేను! బస్తాను కాదు" అంది నాయనమ్మ. నాన్న మళ్ళీ ఆ గిలక మాట ఎత్తలేదు.

లిఫ్టు పెట్టేవాళ్ళను పిలిపించాను. వచ్చినతను టేపు పెట్టి కొలిచి, "పెట్టొచ్చండి. కాకపోతే గదిలో సగం పోద్ది" అన్నాడు.

"మిగతా సగంలో నేను నిలబడి నిద్రపోవాలా? దాని బదులు ఆ లిఫ్టులోనే మంచం వేయించండి, పైకీ కిందికీ తిరుగుతుంటా."

నేను ర్యాంపు గీశాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలని మా పుస్తకం చెబుతుంది. ఇరవై అడుగుల ఎత్తులో ఉన్న గదికి రెండు వందల నలభై అడుగుల వాలు. కొలత ప్రకారం చక్కగా గీసుకుంటూ పోతే అది మా పందిరి దాటి, రోడ్డు దాటి, చర్చి ప్రహరీ మీదుగా వెళ్ళి ఎవరిదో పత్తి చేలో దిగింది. ఆ కాగితం చూసి అమ్మ పడీపడీ నవ్వింది. "పోన్లెండి అత్తయ్యా, దిగిన చోటే నాలుగు పత్తికాయలు ఏరుకుని రావచ్చు."

ఇక మిగిలింది మెట్లే. టేపు తీసుకుని కింద నుంచి పై దాకా ఒక్కో మెట్టూ కొలిచాను. ముప్పై మూడు మెట్లకు పదకొండు రకాల ఎత్తులు వచ్చాయి. అన్నిటికంటే పొట్టిది అయిదు అంగుళాలు, అన్నిటికంటే పొడుగుది పది. కట్టింది మా బాబాయే. అంటే నాయనమ్మ చెల్లెలి కొడుకు, మేస్త్రీ. పిలిచి అడిగాను.

"ఇవేం మెట్లు బాబాయ్?"

"కింద నుంచి సమానంగానే వస్తామమ్మా. పైకొచ్చేసరికి కొంచెం మిగులుద్ది. ఆ మిగిలింది ఆఖర్న సర్దేస్తాం."

"పది అంగుళాలు సర్దుతారా?"

"అప్పుడు ఇటుక అయిపోయింది. మీ నాన్న ఇంకో ట్రాక్టరు తోలించనన్నాడు. రెండు మెట్లు తగ్గించా. ఇన్నేళ్ళుగా అందరూ ఎక్కుతున్నారుగా, ఎవరన్నా పడ్డారా?"

నిజమే, ఎవరూ పడలేదు. ఆ మాట అప్పుడే ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ పాసై నెల కాలేదు, చేతిలో టేపు ఉంది. మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండాలన్నది మాకు చెప్పిన మొదటి పాఠం. ఇరవై అడుగులను ముప్పై మూడుతో భాగించాను. మెట్టుకు ఏడుంబావు అంగుళాలు. కొన్నిటిని చెక్కాలి, కొన్నిటిని నింపాలి. రెండు వైపులా ఇనప పైపు, మెట్లు తిరిగే ప్రతిచోటా కూర్చోడానికి ఒక సిమెంటు దిమ్మె.

పని మొదలుపెట్టగానే నాన్న మార్టూరు వెళ్ళి అక్కడి పాలిషింగ్ యూనిట్లో మిగిలిపోయిన గ్రానైట్ ముక్కలు ఆటోలో వేసుకొచ్చాడు. నల్లగా, మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

"అమ్మ దిగే మెట్లు! అద్దంలా ఉండాలి" అన్నాడు మురిసిపోతూ.

"నాన్నా, దీని మీద కారప్పొడి పడితే మనమే జారిపోతాం. నాయనమ్మ రెండో కాలుక్కూడా రాడ్డు వేయించాలి."

ఆయన మొహం చిన్నబోయింది. తెచ్చిన రాయి వెనక్కి పంపడం ఇష్టం లేక, తిరగేసి వేయమన్నాను. మెరిసే వైపు కిందికి, గరుకు వైపు పైకి. బాబాయి తాపీ కింద పడేశాడు.

"తిరగేసి వేయాలా? రేపు చూసినవాళ్ళు నన్నేమంటారు? మేస్త్రీ తాగి వేశాడంటారు!"

"నువ్వు తాగవుగా బాబాయ్."

"అందుకేగా బాధ! తాగకుండా ఆ మాట పడాలి."

చివరికి, ఎవరు అడిగినా ఇంజనీరమ్మ చెప్పిందని అందరి ముందూ నేనే ఒప్పుకోవాలన్న షరతు మీద తాపీ అందుకున్నాడు. రోజుకు నాలుగేసి మెట్లు. అమ్మ చేతిలో అన్నం పళ్ళెంతో, తడి మెట్ల మీద వేసిన పలకల మీదుగా, సర్కస్ మనిషిలా నాయనమ్మ దగ్గరికి వెళ్ళివచ్చేది. పని చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ ఒకటే మాట. "అయ్యో, రాయి తిరగబడిందే!" నేను ప్రతిసారీ నా డిగ్రీతో సహా సమాధానం చెప్పాను.

మెట్లు ఆరాయి. నేను లెవెల్ పెట్టి చూశాను. ముప్పై మూడూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఫోటోలు తీసి క్లాసువాళ్ళందరికీ పంపాను. ఆ గర్వం సరిగ్గా మధ్యాహ్నం భోజనాల దాకా ఉంది.

మొదట నాన్న పడ్డాడు. పడ్డాడంటే, తొమ్మిదో మెట్టు పొడుగుదని అలవాటుగా కాలు ఎత్తి వేశాడు. అక్కడ అంత ఎత్తు లేదు. కాలు గాల్లోంచి దబ్బుమని దిగి ఆయన పైపు పట్టుకుని వేలాడాడు. గంటలో అమ్మ. పైన చివరి మెట్లలో పదంగుళాల మెట్టు ఉంటుందని కాలు ఎత్తింది, పప్పుచారు గిన్నె మెట్లన్నీ దిగి కింద మర దాకా వెళ్ళింది. సాయంత్రం కట్టినవాడే, మా బాబాయే, తను కట్టిన మెట్ల మీద తనే బోర్లాపడ్డాడు. ఇన్నేళ్ళూ ఎవరూ పడని ఇంట్లో ఒక్క రోజులో ముగ్గురు. మా అందరి కాళ్ళకూ పాత మెట్లు కంఠతా వచ్చు. ఆ సంగతి మా తలలకు తెలియదు.

ప్రతి చప్పుడుకూ పైనుంచి నాయనమ్మ లెక్కపెట్టింది. "ఒకటి!" "రెండు!" మూడోదానికి నన్ను పిలిచింది. వెళ్ళాను. ఈసారి నవ్వలేదు ఆవిడ.

"ఆరు నెలల్నించి ఈ మంచం మీద పడుకుని రోజూ నేనేం చేస్తన్నానో తెలుసటే? మెట్లు దిగుతన్నా. మనసులో. మొదటిది పొడుగు, చెయ్యి గోడకు ఆనించాలి. రెండోది సరే. ఆరోది పొట్టి, అక్కడ కాస్త నిలబడొచ్చు. అట్టా ముప్పై మూడూ అనుకుంటా దిగి, పీట మీద కూర్చుని, మళ్ళీ ఎక్కుతా. ఇయ్యాళో రేపో కాలు కూడా ఒప్పుకుంటదనుకున్నా. నువ్వొచ్చి నా మెట్లు తీసేసి ఎవరింటి మెట్లో తెచ్చి పెట్టావు."

డ్రాయింగు గీసినప్పుడు అందరినీ అడిగాను, లిఫ్టు మనిషిని కూడా అడిగాను, దిగాల్సిన మనిషిని తప్ప. ఆవిడ మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఆవిడే కాలితో నా భుజం పొడిచింది.

"ఏడవకే. చదువుకున్నదానివి, ఇంకేదన్నా చెప్పు."

చెప్పాను. అప్పటికప్పుడు తోచిందే చెప్పాను.

"నాయనమ్మా, పాతవి ముప్పై మూడు నేర్చుకోవాల్సొచ్చింది. ఇప్పుడన్నీ ఒకటే కదా. ఒక్క మెట్టు నేర్చుకుంటే చాలు. ముప్పై మూడూ వచ్చేసినట్టే."

ఆవిడ వక్క నమలడం ఆపి ఆలోచించింది. "అది నిజమే" అంది.

మర్నాడే బాబాయి చేత గదిలో ఒక దిమ్మె కట్టించాను. ఏడుంబావు అంగుళాల ఎత్తు, అదే గరుకు రాయి, రెండు పక్కలా అవే పైపులు. ఎక్కడికీ వెళ్ళని ఒక్క మెట్టు. వ్యాయామం నేర్పడానికి గుంటూరు నుంచి ఒకమ్మాయి వారానికోసారి వచ్చేది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన చెడ్డ కాలు ముందు దించాలి అని చెప్పింది.

"అంటే మంచోళ్ళు పైకి, చెడ్డోళ్ళు కిందికి. ఇది మాకు పాస్టరు గారు ఎప్పుడో చెప్పారమ్మా. దీనికి గుంటూరులో చదువుకోవాలా?"

మొదటి వారం రోజుకు రెండుసార్లు ఎక్కి దిగింది. తర్వాత పది. తర్వాత లెక్క చెప్పడం మానేసింది. ఆ దిమ్మెను తిట్టేది, పైపును తిట్టేది, రాడ్డు వేసిన డాక్టరును తిట్టేది, అలిసిపోతే నన్ను తిట్టేది. నేను పక్కన కూర్చుని ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకునేదాన్ని. కిందనేమో నాన్నా అమ్మా కూడా కొత్త మెట్లు నేర్చుకునే తిప్పల్లోనే ఉన్నారు. వాళ్ళ కాళ్ళకు నెల పట్టింది. నాయనమ్మకు పాతవి మరిచిపోయే పని మనసులోనే కాబట్టి కొత్తవి ఇంకా ముందే వచ్చేశాయి.

ఎండలు ముదిరాయి. పందిరి కింద సంచులు రావడం మొదలైంది. ఒక బుధవారం పొద్దున ఏడింటికి ఆవిడ తెల్లచీర కట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. ఎవరినీ పిలవలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాక, "ఇంజనీరూ, రావే" అంది.

నేను ఒక మెట్టు ముందు వెనక్కి నడుస్తూ దిగాను. నాన్న వెనక. ఆయన చెయ్యి పొరపాటున ఆవిడ నడుముకు తగిలింది.

"చెయ్యి తియ్యరా!"

"పట్టుకోలేదమ్మా, ఊరికే..."

"ఊరికే కూడా వద్దు."

చెడ్డ కాలు, మంచి కాలు. చెడ్డ కాలు, మంచి కాలు. మెట్ల మలుపులో మొదటి దిమ్మె మీద పావుగంట కూర్చుంది. వంటింటి గుమ్మంలో అమ్మ కాఫీ ఇస్తే తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పింది. రెండో దిమ్మె మీద కూర్చున్నాక లేవడానికి రెండుసార్లు పైపు పట్టుకోవాల్సొచ్చింది. అప్పటికి కింద బాబాయితో సహా నలుగురు చేరారు. పోయిన ఏడాది ఆవిడను మోసినవాళ్ళలో ఒకతను కూడా ఉన్నాడు. అతన్ని చూడగానే ఆవిడకు ఎక్కడలేని బలం వచ్చింది. "నువ్వెందుకొచ్చావురా, కుర్చీ తెచ్చావా?" అని అరుస్తూ ఆఖరి ఎనిమిది మెట్లూ ఆగకుండా దిగింది.

నేల మీద కాలు పెట్టి ఒక నిమిషం అలాగే నిలబడింది. తర్వాత పీట మీద కూర్చుని, ముందున్న సంచిలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది, వంచింది. అది వంగింది.

"ఎవరివే ఇవి?"

"మావే పెద్దమ్మా, రాత్రే తీసి..."

"తీసుకుపో. ఇంకో రెండు ఎండలు పెట్టుకురా."

నాన్న మర గదిలోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారం అన్నాడు. మర అప్పటికింకా వేయలేదు.

నేను ఫోను తీసి క్లాసువాళ్ళకు, బంధువులకు, చివరికి ఆ లిఫ్టు మనిషికి కూడా చెప్పేశాను. పదకొండు దాకా ఆవిడ నాలుగు సంచులు వెనక్కి పంపి, మూడు సంచులు లోపలికి పంపింది. పన్నెండింటికి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో అడిగింది.

"ఇప్పుడు బాత్రూంకి ఎక్కడికి పోవాలే?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న బాబాయి వైపు చూశాడు. బాబాయి డ్రాయింగు గీసిన నా వైపు చూశాడు. కింద బాత్రూం లేదు. ఎప్పుడూ లేదు. మనిషిని కిందికి దించడం గురించి రెండు నెలలు లెక్కలు వేశానుగానీ, దిగిన మనిషికి నాలుగు గంటల తర్వాత ఏం కావాలో ఆలోచించలేదు. మొదటి అంతస్తులో ఉన్నది గొంతుక్కూర్చునే రకం. ఆవిడ వల్ల కాదు. పైదాకా ఇప్పుడే ఎక్కడమూ కాదు.

"ఇంజనీరింగు!" అన్నాడు బాబాయి. తిరగేసిన రాయికి ఆ ఒక్క మాటతో బదులు తీర్చుకున్నాడు.

నాన్న చెయ్యి కుర్చీ వైపు వెళ్ళింది. నాయనమ్మ చూపు చూసి వెనక్కి వచ్చేసింది. అమ్మ కిందికి తెచ్చి పెట్టిన వాకర్ అందుకుని ఆవిడ లేచి రోడ్డు దాకా నడిచింది. ఎదురింట్లో కమోడ్ ఉంది, గడప కూడా లేదు. ఒక ట్రాక్టరు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపించింది. దాని వెనక బైకులు ఆగాయి. ఎనిమిది నెలల తర్వాత వీధిలోకి వచ్చిన మనిషి, తొందరేమీ లేనట్టు రోడ్డు మధ్యలో నిలబడి, చర్చి సున్నం ఎందుకంత నల్లబడిందని ఆ ట్రాక్టరు డ్రైవరునే అడిగింది. పని చూసుకుని వెంటనే వస్తుందనుకున్నాం. ఎదురింటివాళ్ళు భోజనం పెట్టి, కబుర్లకు కూర్చోబెట్టుకున్నారు.

మేము ముగ్గురం మా మెట్ల కింద ఖాళీలోకి దూరి టేపు పట్టుకున్నాం. అక్కడ నాన్న నిలబడితే తల తగులుతుంది. నాయనమ్మ నిలబడితే ఇంకా జానెడు మిగులుతుంది. ఈసారి నేను గీత గీయకుండా రోడ్డు దాటి ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగాను. కమోడ్ ఎంత ఎత్తుండాలి, పైపు ఏ చేతి వైపు ఉండాలి, వాకర్ ఎక్కడ పెట్టుకుంటావు అని. ఆవిడ ఎదురింటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. నేను అరచేతి మీద రాసుకున్నాను.

"తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టించు" అంది చివర్న. "ఆ రోజు నేను పడి తలుపుకు అడ్డం పడుకుంటే మీ నాన్న లోపలికి రాలేక బయట నిలబడి ఏడ్చాడు. వాడికి చెప్పమాక, నాకు వినబడిందని."